తిమింగిలాల రేవు

తిమింగిలం అనే మాట సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చింది. వాడుకలో తిమింగలం అని కూడా అంటున్నాం. ‘తిమి’ అంటే ఒక మహామత్స్యం. అంతటి తిమిని సైతం మింగగలిగినది తిమింగిలం. మన ప్రాచీనులు అక్కడితో ఆగలేదు. తిమింగిలాన్ని కూడా మింగివేసే మరొక ప్రాణిని ఊహించి, దానికి తిమింగిలగిలం అని పేరు పెట్టారు. ఒకదానిని మించినది మరొకటి ఉంటుందని చెప్పడానికి కల్పించిన ప్రాణి అది. కాని 20వ శతాబ్దంలో ఆ ఊహ నిజమైంది. ఆ నూరు సంవత్సరాలలో ప్రపంచ సముద్రాలలో దాదాపు 29 లక్షల భారీ తిమింగిలాలు వేటకు బలి అయ్యాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ తిమింగిలగిలం మరెవరో కాదు, మానవుడే.

అదే మానవుడు ఈనాడు రుసుము చెల్లించి, చలిగాలికి వణుకుతూ, పడవ అంచున గంటల తరబడి నిలబడి, ఒక్క తిమింగిలం కనిపిస్తే చాలునని ఎదురుచూస్తున్నాడు. చంపడానికి కాదు, చూడడానికి. వేట వీక్షణగా మారడం ఆధునిక కాలంలో మనిషికీ ప్రకృతికీ మధ్య వచ్చిన మంచి మార్పులలో ఒకటి. అయితే చూడడం కూడా ఒక విద్యే. దగ్గరకు వెళ్ళాలనే ఆశకూ, దూరంగా ఉండవలసిన బాధ్యతకూ మధ్య ఎక్కడ ఆగాలో తెలిస్తేనే ఆ విద్య పట్టుబడినట్లు. ఐస్‌లాండ్ దేశపు ఉత్తర తీరంలో, హూసవీక్ అనే చిన్న రేవు పట్టణం నుంచి సాగే ఒకరోజు యాత్ర ఈ విషయాన్ని చక్కగా తెలియజేస్తుంది.

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలోని ద్వీపదేశం. దాని ఉత్తర తీరం ఆర్కిటిక్ వలయానికి అతి సమీపంలో ఉంటుంది. ఆ తీరంలో స్క్యాల్ఫాండి అనే విశాలమైన అఖాతం ఉంది. ఆ మాటకు ‘కంపించేది’ అని అర్థం. ఆ ప్రాంతం భూకంపాలకు నెలవు కావడం వల్ల ఆ పేరు తగినదే అనిపిస్తుంది. అఖాతానికి తూర్పు ఒడ్డున హూసవీక్ ఉంది. జనాభా రెండు వేల పైచిలుకు మాత్రమే. హూసవీక్ అంటే ‘ఇళ్ళున్న రేవు’ అని అర్థం. క్రీ.శ. 870 ప్రాంతంలో గార్డార్ అనే స్వీడన్ దేశపు నావికుడు ఇక్కడ ఇల్లు కట్టుకొని ఒక చలికాలం గడిపాడని ఐస్‌లాండ్ ప్రాచీన గ్రంథాలు చెబుతున్నాయి. రేవుకు ఎదురుగా 1907లో నిర్మించిన కొయ్య చర్చి, రేవులో ఓక్ కలపతో చేసిన పాత చేపల పడవలు, అఖాతానికి ఆవలి ఒడ్డున మంచు చారలతో నిలిచిన కొండలు యాత్రికునికి మొదట కనిపించే దృశ్యాలు. జూన్ నెలలో ఇక్కడ రాత్రిపూట కూడా చీకటి పడదు.

ఇంత చలి ప్రదేశానికి తిమింగిలాలు ఎందుకు వస్తాయి? ఆహారం కోసం. చలికాలపు తుపానులు సముద్రజలాన్ని కలచివేసి, అడుగున ఉన్న లవణాలను, పోషకాలను పైకి తెస్తాయి. లాక్సా, స్క్యాల్ఫాండఫ్ల్యోత్ అనే రెండు నదులు కూడా ఈ అఖాతంలోకి వచ్చి కలుస్తాయి. వసంతంలో పగలు పెరిగి సూర్యరశ్మి సమృద్ధిగా లభించగానే కంటికి కనిపించని వృక్షప్లవకాలు కోట్ల సంఖ్యలో వృద్ధి చెందుతాయి. వాటిని తిని జంతుప్లవకాలు, రొయ్యను పోలిన క్రిల్ అనే చిన్న జీవులు పెరుగుతాయి. వాటి కోసం కాపెలిన్, హెర్రింగ్ వంటి చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి. ఆ విందుకు వచ్చే చివరి అతిథులు తిమింగిలాలు. అవి తినడమే కాదు, తిరిగి ఇస్తాయి కూడా. తిమింగిలాల మలంలోని పోషకాలు సముద్రపు పైపొరలలో కలిసి మళ్ళీ వృక్షప్లవకాలకు ఎరువుగా మారుతాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు.

వేసవి నెలల్లో ఇక్కడ మేసే హంప్‌బ్యాక్ జాతి తిమింగిలాలలో అధిక భాగం చలికాలానికి వేల కిలోమీటర్ల దూరం ఈదుకొంటూ దక్షిణాన ఉన్న వెచ్చని సముద్రాలకు వెళ్తాయి. కరీబియన్ దీవుల సమీపంలోనూ, ఆఫ్రికాకు పశ్చిమాన ఉన్న కేప్ వెర్డి దీవుల సమీపంలోనూ అవి జతకట్టి పిల్లలను కంటాయి. ఆ వెచ్చని నీటిలో వాటికి మేత చాలా తక్కువ. కొన్ని నెలలపాటు దాదాపు ఉపవాసమే. తల్లి తన పిల్లకు ఇచ్చే పాలు కూడా ఉత్తరాన వేసవిలో తిన్న తిండి నుంచి, శరీరంలో కూడబెట్టిన కొవ్వు నుంచి రావలసిందే. ఈ విషయం గుర్తుపెట్టుకోవడం అవసరం. స్క్యాల్ఫాండి అఖాతంలో యాత్రికునికి కనిపించే తిమింగిలం విహారానికి వచ్చినది కాదు. ఏడాది మొత్తానికి సరిపడే ఆహారాన్ని కొద్ది నెలల్లో సంపాదించుకోవలసిన పనిలో ఉన్నది.

యాత్రికులు సాధారణంగా అకురేరి అనే పెద్ద పట్టణం నుంచి ఉదయం బస్సులో బయలుదేరి, గంటకు పైగా ప్రయాణించి హూసవీక్ చేరుకొంటారు. సముద్రంపై యాత్ర సుమారు మూడు గంటలు సాగుతుంది. పడవ ఎక్కకముందే ప్రతి ఒక్కరికీ తల మొదలు పాదం వరకు కప్పే మందపాటి అంగీ ఇస్తారు. ‘జూలై నెలలో ఇదెందుకు?’ అని మొదట నవ్వినవారు రేవు దాటగానే దాని విలువ తెలుసుకొంటారు. వేసవిలో కూడా ఈ సముద్రపు నీరు చాలా చల్లగా ఉంటుంది. పైగా గాలి. టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. కడుపులో తిప్పుతున్నట్లు అనిపిస్తే కింది గదిలో కూర్చోకుండా పైకి వచ్చి, కదలని దిక్చక్రం వైపు చూడమని చెబుతారు.

పడవ కదలగానే మార్గదర్శకుని పని మొదలవుతుంది. అతడు మొదట నేర్పేది గడియారపు భాష. పడవను ఒక గడియారపు ముఖంగా భావించాలి. పడవ ముందుకొన 12 గంటల స్థానం. కుడిపక్క 3 గంటలు, వెనుకభాగం 6 గంటలు, ఎడమపక్క 9 గంటలు. ‘2 గంటల దిక్కున!’ అని మార్గదర్శకుడు పలకగానే అందరి చూపులు ఒకే చోటికి తిరుగుతాయి. నాలుగు దిక్కులా నీరే తప్ప గుర్తు పట్టడానికి చెట్టూ పుట్టా లేని చోట ఈ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది. వివిధ దేశాల నుంచి వచ్చి, ఒకరి భాష ఒకరికి తెలియని యాత్రికులకు కూడా ఇది క్షణంలో అర్థమవుతుంది.

తిమింగిలాన్ని వెదకడం అంటే తిమింగిలం కోసమే వెదకడం కాదు, దాని ఆనవాళ్ళ కోసం వెదకడం. మొదటి ఆనవాలు పక్షులు. ఒకచోట సముద్రపక్షులు గుమిగూడి నీటిలోకి దూకుతూ ఉంటే అక్కడ చేపల గుంపు ఉన్నట్లు. చేపలున్న చోటికి తిమింగిలం రావచ్చు. అఖాతంలోని లుండే దీవిలో వేసవిలో పఫిన్ పక్షులు గూళ్ళు కట్టుకొంటాయి. రంగురంగుల ముక్కుతో, పొట్టి రెక్కలను వేగంగా ఆడిస్తూ నీటిని రాసుకొంటూ ఎగిరే ఆ పక్షులు పడవకు ముందుగా ఎదురువస్తాయి.

రెండవ ఆనవాలు శ్వాస. తిమింగిలం చేప కాదు. మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చే క్షీరదం. కాబట్టి ఎంత లోతుకు మునిగినా ఊపిరి కోసం పైకి రాక తప్పదు. తల పైభాగాన ఉన్న శ్వాసరంధ్రాల నుంచి అది గాలిని బలంగా వదిలినప్పుడు తెల్లని ధార లేస్తుంది. చాలామంది దానిని నీటి ధార అనుకొంటారు. నిజానికి అది వెచ్చని శ్వాస. చల్లని గాలి తగలగానే అందులోని ఆవిరి సన్నని తుంపరగా మారి కంటికి కనిపిస్తుంది. చలికాలపు తెల్లవారుజామున మన నోటి నుంచి పొగవంటిది వెలువడడానికి కారణం కూడా ఇదే. అనుభవజ్ఞులు ఆ ధారను బట్టే జాతిని చెప్పగలరు. హంప్‌బ్యాక్ శ్వాస సుమారు 3 మీటర్ల ఎత్తున పొదవలె విచ్చుకొంటుంది. నీలి తిమింగిలం శ్వాస 9 మీటర్లకు మించి నిలువెత్తు స్తంభంలా లేస్తుంది. మింకీ జాతి శ్వాస కనిపించీ కనిపించనట్లుగా ఉంటుంది.

మూడవ ఆనవాలు నీటి ఉపరితలమే. తిమింగిలం మునుగుతూ తోకను కదిలించినప్పుడు కిందినుంచి నీరు పైకి తోసుకొని వచ్చి, ఆ చోట అలలు అణగి అద్దంవంటి నున్నని వలయం ఏర్పడుతుంది. దానిని తిమింగిలపు అడుగుజాడ అంటారు. కాళ్ళులేని ప్రాణికి అడుగుజాడ ఏమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. అది ఎక్కడ మునిగిందో, ఎటు సాగుతోందో పడవ సరంగుకు ఆ వలయాలే తెలియజేస్తాయి.

ఈ అఖాతంలో ఎక్కువగా కనిపించేది హంప్‌బ్యాక్. వీపు రెక్క కింద చిన్న మూపురం ఉండడం వల్ల, మునిగేటప్పుడు వీపును విల్లులా వంచడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పొడవు సాధారణంగా 12 నుంచి 16 మీటర్లు. బరువు 25 నుంచి 30 టన్నులు, కొన్నిటికి అంతకు మించి ఉంటుంది. దాని పక్క రెక్కలు శరీరంలో దాదాపు మూడవ వంతు పొడవుంటాయి. దానికంటె చిన్నది మింకీ తిమింగిలం. అది 7 నుంచి 9 మీటర్లుంటుంది. చడీ చప్పుడు లేకుండా పైకి వచ్చి వెంటనే మాయమవుతుంది. తెల్లముక్కు డాల్ఫిన్లు గుంపుగా వచ్చి పడవతో పందెం వేసినట్లు ఈదుతాయి. వేసవి తొలినాళ్ళలో, అదృష్టం కలిసివస్తే, నీలి తిమింగిలం కూడా ఈ అఖాతంలోకి వస్తుంది. భూమిపై ఇంతవరకు జీవించిన జంతువులన్నింటిలో అతి పెద్దదిగా దానిని పరిగణిస్తున్నారు. దాని పొడవు 30 మీటర్ల వరకు ఉండవచ్చు.

ఇక్కడ ఒక వింత గమనించాలి. మహామత్స్యాన్ని మింగేది అని మనం పేరుపెట్టిన ఈ ప్రాణులలో అతి పెద్దవి మింగేది అతి చిన్న జీవులను. హంప్‌బ్యాక్, మింకీ, నీలి తిమింగిలాలకు పళ్ళు ఉండవు. పైదవడ నుంచి దువ్వెన పళ్ళవలె వేలాడే బలీన్ పలకలు ఉంటాయి. నోటినిండా నీరు తీసుకొని, నాలుకతో నీటిని బయటకు నెట్టివేస్తే, జల్లెడలో నూక నిలిచినట్లు క్రిల్, చిన్న చేపలు లోపల నిలిచిపోతాయి. అంత పెద్ద దేహం ఇంత చిన్న జీవులపై ఆధారపడి ఉంది. కాబట్టి సముద్రం వేడెక్కి చిన్న జీవులు చోటు మారితే తిమింగిలం కూడా చోటు మారవలసిందే.

యాత్రలో అందరూ ఎదురుచూసే క్షణం హంప్‌బ్యాక్ తోక ఎత్తే క్షణం. అది నాలుగైదు సార్లు ఊపిరి తీసుకొన్న తరువాత వీపును బాగా వంచి, తోకను నీటిపైకి ఎత్తి, నిలువునా లోపలికి జారిపోతుంది. తోక అడుగుభాగంలో నలుపు తెలుపు మచ్చలు, గీతలు, గాట్లు ఉంటాయి. ఏ రెండు తోకలూ ఒకేలా ఉండవు. మన వేలిముద్రలు ఎలాంటివో వాటికి తోకముద్రలు అలాంటివి. యాత్రికులు వేడుకగా తీసిన ఫొటో కూడా ఈ కారణంగా శాస్త్రానికి ఆధారం కాగలదు. ఉత్తరాన వేసవిలో తీసిన తోక చిత్రాన్ని దక్షిణాన చలికాలంలో తీసిన చిత్రంతో పోల్చి చూసే, ఒకే తిమింగిలం ఎక్కడినుంచి ఎక్కడికి ప్రయాణిస్తున్నదో తెలుసుకొన్నారు. హూసవీక్‌లోని ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం ఇటువంటి అధ్యయనాలకు నిలయం. దేహం మీద ఈటె దించి ముద్ర వేయకుండా, దూరం నుంచి తీసిన చిత్రంతోనే ఒక ప్రాణి జీవితచరిత్రను తెలుసుకోవడం ఈ వీక్షణ వల్ల కలిగిన పెద్ద లాభం.

ఇప్పుడు వెనుకటి కథలోకి వెళ్ళాలి. ఐస్‌లాండ్ ప్రజలకు తిమింగిలం పరాయిది కాదు. వారి భాషలో ‘హ్వాల్‌రెకి’ అనే మాట ఉంది. ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన తిమింగిలం అని దాని అర్థం. అనుకోకుండా కలిసివచ్చిన అదృష్టాన్ని కూడా ఆ మాటతోనే సూచిస్తారు. అదృష్టవంతుణ్ణి మనం ‘నక్క తోక తొక్కాడు’ అంటాం. వారు తమ ముంగిట తిమింగిలం వచ్చి పడిందంటారు. పంటలు సరిగా పండని చలిదేశంలో, ఒడ్డుకు చేరిన ఒక్క తిమింగిలం ఊరు మొత్తానికి తిండీ, దీపానికి నూనే అయ్యేది. ఆకలితో ఉన్నవారు అందివచ్చిన దానిని తినడాన్ని తప్పుపట్టలేం. నాశనం అక్కడ మొదలు కాలేదు.

నాశనం యంత్రంతో మొదలైంది. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో నార్వే దేశస్థుడు స్వెండ్ ఫోయన్ పేలుడు మందు దట్టించిన ఈటెను ఫిరంగితో విసిరే పద్ధతిని రూపొందించాడు. దానికి ఆవిరి ఓడ తోడైంది. అంతకుముందు పడవలకు అందనంత వేగంగా ఈదే నీలి తిమింగిలం, ఫిన్ తిమింగిలం కూడా వేటగాళ్ళ చేతికి చిక్కాయి. వాటి కొవ్వు దీపపు నూనె, సబ్బు, వనస్పతి వంటి వస్తువులుగా మారింది. బలీన్ పలకలు గొడుగు పుల్లలుగా, స్త్రీల దుస్తులలో బిగుతు పట్టీలుగా మారాయి. 1883 నుంచి నార్వే సంస్థలు ఐస్‌లాండ్ తీరంలో వేట కేంద్రాలు నెలకొల్పాయి. కొద్ది దశాబ్దాలలోనే తిమింగిలాలు ఎంతగా తగ్గాయంటే, ఐస్‌లాండ్ శాసనసభ చేసిన నిషేధం 1915లో అమలులోకి వచ్చింది. ఆ నిషేధం కొంతకాలమే నిలిచింది. తరువాత వేట తిరిగి మొదలైంది. అప్పటికి దక్షిణ సముద్రాలలో అంతకంటె ఎన్నో రెట్లు పెద్ద సంహారం సాగుతున్నది.

1946లో కుదిరిన ఒప్పందంతో అంతర్జాతీయ తిమింగిల వేట కమిషన్ ఏర్పడింది. మొదట్లో అది వేటను క్రమబద్ధం చేయడానికి ఏర్పడిన సంస్థ మాత్రమే. సంఖ్యలు పడిపోతున్న కొద్దీ దాని దృష్టి రక్షణ వైపు మళ్ళింది. వాణిజ్య వేటను నిలిపివేయాలని 1982లో తీర్మానించింది. 1986 నుంచి అది అమలయింది. ఐస్‌లాండ్ 1992లో ఆ కమిషన్ నుంచి వైదొలగి, 2002లో తిరిగి చేరింది. 2003లో పరిశోధన పేరుతోనూ, 2006లో వాణిజ్యం కోసమూ వేటను పునఃప్రారంభించింది. 2023 వేసవిలో జంతు సంక్షేమ కారణాలతో ప్రభుత్వం ఫిన్ తిమింగిలాల వేటను తాత్కాలికంగా ఆపింది. సెప్టెంబరులో అది మళ్ళీ సాగింది. 2024, 2025 వేసవులలో ఆ వేట జరగలేదు. వేట, వీక్షణ అనే రెండు వృత్తులు ఒకే దేశంలో, ఒకే కాలంలో పక్కపక్కన నడిచాయన్నమాట.

హూసవీక్‌లో వీక్షణ మొదలైన తీరు ఆలోచింపదగినది. 1990లో వచ్చిన మత్స్య పరిశ్రమ చట్టంతో ఐస్‌లాండ్‌లో చేపల వాటాలను కొనడానికీ అమ్మడానికీ వీలు కలిగింది. వాటాలు పెద్ద సంస్థల వద్ద పోగుపడడంతో చిన్న రేవులలోని కొయ్య పడవలకు పని తగ్గింది. ఓక్ కలపతో నేర్పరులు కట్టిన ఎన్నో పడవలు మూలపడ్డాయి. ఆ స్థితిలో 1995లో ఈ రేవులోని కొందరు అటువంటి ఒక పాత పడవను బాగుచేసి, యాత్రికులను తిమింగిలాల దగ్గరకు తీసుకొని వెళ్ళడం ఆరంభించారు. దీనితో పడవలు బతికాయి. పడవలు నడిపే విద్య బతికింది. బతుకుతెరువు లేక తరలిపోవలసిన యువకులకు ఊరిలోనే పని దొరికింది. చంపిన తిమింగిలం ఒక్కసారే ధనమిస్తుంది. బతికిన తిమింగిలం ఏటేటా తిరిగి వస్తుంది. ఈ లెక్క అర్థం కావడానికి ఆ ఊరికి ఎంతో కాలం పట్టలేదు.

యాత్ర ముగించుకొని ఒడ్డుకు వచ్చినవారు మధ్యాహ్నం చూడదగిన చోటు తిమింగిలాల మ్యూజియం. 1997లో ప్రారంభమైన ఈ మ్యూజియం ఒకప్పటి పశువధశాల భవనంలో ఉంది. 2010లో ఐస్‌లాండ్ ఉత్తర తీరానికి కొట్టుకొని వచ్చిన సుమారు 25 మీటర్ల నీలి తిమింగిలపు అస్థిపంజరం అక్కడ ఉంది. దాని పక్కన నడుస్తూ వెళ్తే, నీటిపై మనకు కనిపించినది తిమింగిలంలో ఎంత స్వల్ప భాగమో తెలుస్తుంది. పక్క రెక్కలోని ఎముకలను గమనిస్తే మన చేతి ఎముకల అమరికే కనిపిస్తుంది. నేలపై నడిచిన పూర్వికుల నుంచి ఈ ప్రాణి పుట్టిందని చెప్పడానికి అంతకంటె స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి వేట చెడ్డది, వీక్షణ మంచిది అని తేల్చివేయవచ్చు. కాని విషయం అంత సులభం కాదు. ఐస్‌లాండ్‌లో చాలాకాలం ఒక విచిత్రం కొనసాగింది. పగలు పడవ ఎక్కి తిమింగిలాన్ని చూసి పరవశించిన పర్యాటకులలో కొందరు, రాత్రి భోజనశాలలో కుతూహలం కొద్దీ తిమింగిలపు మాంసాన్ని రుచి చూసేవారు. మింకీ మాంసంలో గణనీయమైన భాగం పర్యాటకుల కంచాలలోకే చేరేది. వేటను నిలిపింది స్థానికుల ఆకలి కాదు, అతిథుల కుతూహలం. ఈ సంగతి గుర్తించి వీక్షణ సంస్థలు, జంతు సంరక్షణ సంఘాలు కలిసి పర్యాటకులలో ప్రచారం చేశాయి. చూసే కన్నూ తినే నోరూ ఒకే మనిషివని గుర్తుచేయడమే ఆ ప్రచారపు సారాంశం.

చూడడం వల్ల కూడా హాని ఉంది. నీటిలో ధ్వని గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. వెలుతురు తక్కువైన సముద్రంలో తిమింగిలానికి చెవే కన్ను. అటువంటి చోట ఇంజన్ల రొద ఎంత బాధాకరమో ఊహించవచ్చు. రాజధాని రేక్యావిక్ పక్కనున్న ఫాక్సా అఖాతంలో మింకీ తిమింగిలాలను పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం, వీక్షణ పడవలు దగ్గర ఉన్నప్పుడు అవి తరచు ఊపిరి తీసుకొంటున్నాయనీ, మేతకు వెచ్చించే సమయం తగ్గుతున్నదనీ తెలిపింది. ఆ పరిశోధకులే తరువాత లెక్కగట్టి, అక్కడి పడవల తాకిడి ఆ తిమింగిలాల సంతానోత్పత్తిని దెబ్బతీసేటంతటిది కాదని కూడా చెప్పారు. అంటే హాని ఉన్నది, ఇప్పటికి అది హద్దులలో ఉన్నది. పడవలు పెరిగితే ఆ హద్దు నిలవకపోవచ్చు. కొద్ది నెలల్లో ఏడాది తిండి సంపాదించుకోవలసిన ప్రాణికి పోయిన ప్రతి గంటా పోయినదే.

అందువల్లనే ఐస్‌లాండ్ వీక్షణ సంస్థలు తమకు తాముగా ఒక నియమావళిని ఏర్పరచుకొన్నాయి. తిమింగిలానికి 300 మీటర్ల లోపలికి రాగానే పడవ వేగం తగ్గించాలి. 50 మీటర్ల కంటె దగ్గరకు వెళ్ళరాదు. ఎదురుగా గాని, నేరుగా వెనుకనుంచి గాని తరమరాదు. పక్కగా, అది సాగే దిక్కుకు సమాంతరంగా మెల్లగా చేరాలి. చుట్టుముట్టరాదు. తల్లీపిల్లల మధ్యకు పోరాదు. తిమింగిలం తనంతట తాను దగ్గరకు వస్తే ఇంజన్‌ను ఆపి నిలిచిపోవాలి. 2015లో హూసవీక్ రేవులోని ఒక తెరచాప నౌకకు విద్యుత్ మోటారును అమర్చారు. అటువంటి నౌక ఇంజన్ రొద లేకుండా కదులుతుంటే, యాత్రికునికి తిమింగిలపు శ్వాస స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ నియమాలను పాటించడంలో యాత్రికుల పాత్ర తక్కువది కాదు. ‘ఇంకా దగ్గరకు పోనివ్వండి’ అని తొందరపెట్టేది వారే. రుసుము చెల్లించాం కాబట్టి చూపించి తీరాలని పట్టుపట్టేది వారే. మంచి మార్గదర్శకుడు ఆ కోరికను మాటలతోనే అదుపు చేస్తాడు. తిమింగిలం మునిగిన తరువాత మళ్ళీ లేచేందుకు ఐదు నిమిషాలు పట్టవచ్చు, పది నిమిషాలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో అతడు అది కింద ఏమి చేస్తున్నదో వివరిస్తాడు. కనిపించని దానిని గురించి విన్నవారికి కనిపించినది మరింత బాగా అర్థమవుతుంది. ఒక్కొక్క రోజు ఏమీ కనిపించకపోవచ్చు కూడా. జంతు ప్రదర్శనశాలలో పులి ఎప్పుడూ కనిపిస్తుంది. ఎందుకంటే అది ఎక్కడికీ పోలేదు. సముద్రంలో తిమింగిలం కనిపించకపోయిందంటే, తన ఇష్టం వచ్చిన చోటికి పోగల స్వేచ్ఛ దానికి మిగిలి ఉందన్నమాట.

ఉత్తర సాగరపు ఈ సంగతి మనకు దూరపు ముచ్చట కాదు. అంతర్జాతీయ కమిషన్ 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగిలాల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మన బంగాళాఖాతం అందులో భాగం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తిమింగిలాలకు రక్షణ కల్పిస్తున్నది. అరేబియా సముద్రంలో ఉండే హంప్‌బ్యాక్ తిమింగిలాలు ఇతర సముద్రాలలోని తమ జాతివలె వలస పోవు. ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. వాటి సంఖ్య చాలా తక్కువ. వాటికి పోవడానికి మరో ఇల్లు లేదు. మన తీరాలకు అప్పుడప్పుడు కొట్టుకొని వచ్చే తిమింగిలాలను చూడడానికి జనం గుమిగూడుతారు. అక్కడ కూడా హూసవీక్ నేర్పే నియమమే వర్తిస్తుంది. బతికి ఉన్న ప్రాణి అయితే దూరంగా నిలిచి, అటవీ శాఖకు తెలియజేసి, దానికి ఊపిరి తీసుకొనే అవకాశం ఇవ్వాలి.

మింగగలిగిన శక్తి ఉండి కూడా మింగకుండా ఆగడం మనిషికి మాత్రమే సాధ్యమైన గుణం. తిమికి తిమింగిలాన్ని, తిమింగిలానికి తిమింగిలగిలాన్ని జోడించిన మన పూర్వుల వరుసలో ఆ గుణానికి పేరు లేదు. హూసవీక్ రేవులో అది 50 మీటర్ల దూరంగా కనిపిస్తుంది. పడవకూ తిమింగిలానికీ మధ్య మిగిల్చిన ఆ కొద్దిపాటి నీటిలోనే వాటి రేపటి బతుకూ, రేపటి యాత్రికుల ఆశా ఉన్నాయి.